పదకొండు దాకా ఆగు

నూటపది కిలోమీటర్లు మోటారుసైకిల్ మీద వచ్చాడు నెర్గుయ్.
కోటు లోపల, అప్పుడే పుట్టిన పిల్లని మోసినట్టు,
గుడ్డలో చుట్టిన నా రెగ్యులేటర్.

నెర్గుయ్ అంటే పేరు లేనివాడని.
ముందు పుట్టినవాళ్లు దక్కని ఇళ్లలో
చావు పిలవలేకుండా పెట్టే పేరు.

"త్సెండ్మా అక్కా, నీ డబ్బాకి ఏదో అయింది.
గాలి బాగా వీస్తే బల్బు బానే వెలుగుతుంది.
కాస్త తగ్గిందా, తుక్కు తుక్కుమని కొట్టుకుంటుంది.
మొన్న రాత్రి మేక ఈనింది. రెండు పిల్లలు.
ఒకదాని మూతి మీద పొర, ఆ మిణుకులో కనబడలేదు."

నిందించలేదు. టీలో ఉప్పు సరిపోయిందన్నాడు.

మందల్‌గోవి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవైరెండేళ్లు చేశాను.
అక్కడ నలభైఎనిమిది వోల్టులంటే నలభైఎనిమిదే.
బ్యాటరీల గది, ఆసిడ్ వాసన,
పెట్టిన చోట పెట్టినట్టుండే కరెంటు.
గాలికి జీతం లేదని, వేళకి రాదని
నాకెవరూ నేర్పలేదు.

బల్ల మీద పాత డైనమో బిగించాను.
పిడి జోరుగా తిప్పితే బల్బు నిండుగా వెలిగింది.
మెల్లగా తిప్పాను.
వోల్టుల ముల్లు దిగింది. దాని పక్కన
కరెంటు ముల్లు ఎక్కింది.
ఇంకా మెల్లగా తిప్పాను. చెయ్యి అలిసేకొద్దీ
పిడి బరువెక్కింది.
ముళ్లకంటే ముందు నా మణికట్టుకి అర్థమైంది.

దాని తప్పు కాదు.
నేనే కదా చెప్పాను: ఇవతల ఏమైనా కానీ,
అవతల అయిదు వోల్టులు తగ్గనివ్వకని.
ఆ ఒక్క మాట నిలబెట్టుకోడానికి
నీరసించిన గాలిని పట్టుకుని పిండింది.
గోరుచుట్టు మీద రోకటిపోటు. గాలిమర ఆగిపోయింది.
ఆగితే చీకటి. చీకటైతే భారం లేదు.
భారం లేక రెక్క మళ్లీ కదిలింది,
కదలగానే ఇది మళ్లీ నోరు తెరిచింది.
తుక్కు.
తుక్కు.

ఇదంతా నెర్గుయ్‌కి ఎలా చెప్పాలా అని
నేను మాటలు వెతుక్కుంటుంటే అతనే అన్నాడు:
"ఓ, మేక లాంటిదన్నమాట.
గడ్డి పలచబడిన ఏడు వేరు దాకా పీకుతుంది.
అప్పుడు మేం ఆ నేల వదిలేసి పోతాం.
పచ్చగా ఇంత మొలక కనబడగానే పరిగెత్తుకు రాం.
జానెడు లేవాలి."

టంకం వేసే చెయ్యి ఆగింది నాది.

రెండు రెసిస్టర్లు, ఒక చిన్న చిప్పు.
అది చెప్పేది ఇంతే: ఎనిమిదికి దిగావా, వదిలెయ్.
పదకొండు దాకా ఆగు.
ఎనిమిదిన్నర చూసి ఆశపడకు, పది చూసి కూడా.
ముందువైపు ఒక కెపాసిటర్ పెట్టాను,
రష్యన్ టీవీ లోంచి తీసింది, పిడికిలంత.
గాలి గుటక వేసినప్పుడు
ఆ కాసేపూ తన దగ్గరున్నది ఇస్తుంది.
వసంతంలో ఇసుకగాలి ఒక్కసారిగా విరుచుకుపడితే
అడ్డం పడి వేడెక్కడానికి ఒక డయోడ్. దాని బతుకే అంత.

"మరి ఆ మధ్యలో మేక ఈనితే?" అడిగాడు.

"చీకటే" అన్నాను.
"కానీ ఆరిందని నీకు తెలుస్తుంది, లేచి లాంతరు వెలిగిస్తావు.
మిణుకుతుంటేనే
ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని కూచుంటావు."

చాలాసేపు పొయ్యిలోకి చూశాడు. పిడక విరిగింది.
"కూచున్నాను" అన్నాడు.

డబ్బులొద్దన్నాను, తప్పు నాదేనన్నాను.
వినలేదు. ఎండిన పెరుగుముక్కల సంచి గడప దగ్గర పెట్టి
డబ్బా మళ్లీ కోటులో దాచుకుని పోయాడు.

ఈ రాత్రి ఇక్కడ గాలి పడిపోయింది.
అక్కడెలా ఉందో తెలీదు.
మెలకువొచ్చి చూస్తే నా కుడిచెయ్యి
దుప్పటి కింద మెల్లగా తిరుగుతోంది.